కత్తి లేని ఊర్లో కల్లు

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊర్లో మైసమ్మ నోట పడని మనిషి ఉన్నాడంటే వాడింకా పుట్టలేదని లెక్క. చేవెళ్ల రోడ్డు దిగి ఊర్లోకి వచ్చే బాట పక్కన, తాటివనం మొదట్లో, నాలుగు గుంజలు పాతి కమ్మలు కప్పిన కల్లు మండువ ఆమెది. మొగుడు భిక్షం చెట్లు గీసేవాడు, ఆమె కల్లు పోసేది. కల్లుతోపాటు తిట్లూ పోసేది. తిట్లకు వేరే పైసలు అడగదు కదా అని తాగేవాళ్లు దులుపుకుని పోయేవాళ్లు. "తాగిపోయి పెండ్లాన్ని కొట్టేటోనికి ఇయ్యాల చుక్క లేదు, నడువ్" అని పదిమందిలో అనేది. అనిపించుకున్నవాడు తల వంచుకుని వెళ్లి, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

లోకంలో ఏదీ ఆమె కంటికి ఆనేది కాదు. మొయినాబాద్ అంగట్లో కొత్త గిన్నె కనబడితే "దీని అడుగు మూన్నాళ్లకు ఊడుతది" అనేది. ఆదివారం గుడికి పోయి ప్రసంగం విని వచ్చిన పక్కింటి మేరీతో "మీ అయ్యగారు పొద్దందాక చెప్పింది నువ్వు మూడు ముక్కల్ల చెప్పినవ్. ఇగ ఆయన్నెందుకు మేపుతున్రే?" అనేది. అందరికన్నా పెద్ద వాటా మాత్రం ఇద్దరు మగవాళ్లకు దక్కేది. ఒకడు తాళి కట్టిన భిక్షం. రెండోవాడు పోలీసు పటేలు నర్సింహ.

భిక్షం చెట్టు మీద ఉన్నంతసేపు అతనంత మొనగాడు ఆ చుట్టుపక్కల ఊర్లలో లేడు. గెల కొసను ఉల్లిపొరంత పల్చగా గీసి, కల్లు కారే లొట్టి కుండ కట్టి, నడుం మోకు మీద జారుతూ దిగేవాడు. నేల మీద కాలు పెట్టాడా, ఇక ఎవరు గద్దించినా "నీ బాంచెన్" అనే నోరే. "పైన పులివి, కింద పిల్లివి. దేవుడు నిన్ను చెట్టు మీదనే ఉంచాల్సింది" అని మైసమ్మ చీదరించుకునేది. భిక్షం నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా ఒళ్లు మండేది.

ఇక నర్సింహ పటేలు. మీసం, తాతల నాటి పటేల్‌గిరి, ఇంట్లో గోడ గడియారం, ఈ మూడూ తీసేస్తే ఆ మనిషిలో మిగిలేది వక్కాకు ఉమ్మేనని మైసమ్మ తీర్పు. ఊర్లో అదొక్కటే గడియారం. పటేలు ప్రతి శుక్రవారం స్నానం చేసి, భార్యను దీపం పట్టుకోమని, దేవుడికి పూజ చేసినట్టు దానికి చావి ఇచ్చేవాడు. పొద్దు చూసి పనికి వచ్చిన కూలీలను "గడియారం ప్రకారం మీరు ఆలస్యం" అని తిట్టేవాడు. ఒక ఎండాకాలం పొద్దు నడినెత్తికి వచ్చినా గడియారం పది దగ్గర ఆగి ఉందని, ఆకలికి నకనకలాడుతూ కూడా అన్నానికి లేవలేదట. సూర్యుడు తప్పినా తన గడియారం తప్పదని నమ్మే మనిషిని ఏం చేసుకోవాలి?

అరవై తొమ్మిదో సంవత్సరం, ఎండాకాలం మొదలు. పట్నంలో విద్యార్థులు చదువులు పక్కన పెట్టి రోడ్లెక్కారు. కర్ఫ్యూ అంటున్నారు, కాల్పులు అంటున్నారు. బస్సు ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. చేవెళ్లలో దుకాణాలు మూతపడ్డాయి. ఊరి కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా తాటిదుంగ పెట్టి, జై తెలంగాణ అని గొంతులు పోయేలా అరిచి, దాహమేసి మండువకు వచ్చేవాళ్లు.

"తెలంగాణ వస్తే తాడిచెట్టు వంగి లొట్టి చేతికిస్తదారా?" అని మైసమ్మ ఎకసెక్కం చేసేది. అంటూనే అందరికన్నా ముందు వాళ్లకే పోసేది.

ఆ రోజుల్లోనే చేవెళ్ల ఠాణా అమీన్ సాబు పటేలుకు కబురు పంపాడు. గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని ఎవరూ రోడ్డు మీదికి రాకుండా చూసుకో అని. అంతే మాట. తెలివున్నవాడైతే నలుగురు కుర్రాళ్లను పిలిచి "జర పైలం బిడ్డా" అని చెప్పి ఊరుకునేవాడు. మన పటేలుకు అది చాలదు కదా! అమీన్ మెచ్చుకోవాలి, తాసీల్దార్ చెవిన పడాలి. ఇద్దరు జీతగాళ్లను, ఒక ఎడ్లబండిని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి, అంచున్న ప్రతి ఇనుప ముక్కనూ బండిలో వేయించాడు. గొడ్డళ్లు, కొడవళ్లు, చెప్పులు కుట్టే మోషే తోలు కోసుకునే రంపె, ఆడవాళ్లు కూరగాయలు తరుక్కునే కత్తిపీటలు కూడా పోయాయి. పక్షపాతం లేదని చూపించడానికి సొంత భార్య సుగుణమ్మ కత్తిపీటను కూడా తానే మోసుకొచ్చి బండిలో పడేశాడు. అడకత్తెర ఒక్కటి మాత్రం జేబులో ఉంచుకున్నాడు. వక్క లేనిదే ఆయనకు ప్రభుత్వం నడవదు.

మండువ దగ్గరికి బండి వచ్చినప్పుడు భిక్షం అప్పుడే చెట్టు దిగాడు. నడుముకున్న గీత కత్తి తండ్రి నాటిది, నూరి నూరి సన్నబడి చేతికి అలవాటైనది. మైసమ్మ కొంగు బిగించి ముందుకు రాబోయేలోగా అతను కత్తి తీసి, రెండు చేతుల్లో పెట్టుకుని, గుడిలో హారతిపళ్లెం అందించినట్టు అందించాడు.

"నీ బాంచెన్ పటేలా, దీని అంచు జర పైలం" అన్నాడు.

పటేలు దాన్ని ఒంటిచేత్తో అందుకుని గొడ్డళ్ల కుప్ప మీద విసిరేశాడు. ఠంగుమంది. భిక్షం కళ్లు మూసుకున్నాడు.

ఆ రోజు నుంచి మైసమ్మకు ఒకటే మాట దొరికింది. అన్నం పెడుతూ అదే, ఆవలిస్తూ అదే. "రెండు చేతులతోని ఇచ్చినోడా! ఒక్క చేతితోని ఇచ్చినా కొంత ఇజ్జత్ మిగులుతుండె." భిక్షం నవ్వలేదు. మొదటిసారి.

తిట్టడానికి మించిన కారణమే ఉంది. తాటిచెట్టుకు పూటపూటా గీత పడాలి. గెల కొసను కొత్తగా గీస్తేనే ధార కారుతుంది. గీత తప్పితే కొస నల్లబడి ఎండుతుంది, ఎండిన గెల ఇక ఆ ఏడు చుక్క ఇవ్వదు. వాళ్లకు పొలం లేదు, పుట్ర లేదు. ఎండాకాలం కల్లే ఏడాది తిండి. గెలలు ఎండిపోతే మొగుడూ పెళ్లాం ఏ మేస్త్రీ కిందో రాళ్లు మోయాలి. ఆ సంగతి భిక్షం చెట్ల కింద నిలబడి పైకి చూస్తూ చెప్పలేక చెప్పాడు.

"ధారలు ఆగవట్టినయే. ఇంక నాలుగు దినాలు చూస్తే ఇగ ఆశ లేదు."

"చూసుకుంట కూసో. నీ చేతులు ఇచ్చుడుకే పుట్టినయి" అని మైసమ్మ ఇంట్లోకి పోయి, ఉన్న సామానంతా వాకిట్లో కుప్ప పోసింది. పటేలుకు భయపడి కమ్మరి కొలిమి ఆర్పేస్తే ఆర్పాడు, కత్తిని కమ్మరే చెయ్యాలని ఎవడన్నాడు? కమ్మరి సుత్తితో చేస్తాడు, తను కసితో చేస్తుంది. ముందు లాంతరులో పోసే గ్యాసునూనె డబ్బా మూత చీల్చి, రాయి మీద అంచు తీసింది. భిక్షం దాన్ని పట్టుకుని చెట్టెక్కి, దిగి, వంకర తిరిగిన రేకును చూపించాడు. గెలను గీయలేదు, చీరింది. తర్వాత వెదురు బద్ద. అది తొలి గీతకే పీచు లేచింది. పగిలిన సీసా పెంకు బాగా తెగుతుందని తనకే తెలుసు, కానీ ఒక్క రవ్వ లొట్టిలో పడితే తాగినవాడి పేగులు తెగుతాయని దాన్ని తానే దూరంగా విసిరింది. "మనుషులను తిట్టుడు వేరు, సంపుడు వేరు" అనుకుంది.

పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్కపెట్టెకు ఇనుప పట్టీలుండేవి. ఒక పట్టీ ఊడబీకి, పొయ్యిలో ఎర్రగా కాల్చి, రోకలితో సాగగొట్టింది. చూడటానికి కత్తిలాగే ఉంది. ఒక చెట్టు గీసేసరికి మొద్దుబారి తాటిమట్టకన్నా హీనమైంది. పెట్టె పోయింది, పట్టీ పోయింది.

ఊరంతా అదే తంతు. మేరీ ఈస్టర్ పండుగ కోడిని పగిలిన రాతిపలక అంచుతో కోయబోతే, కోడి సగం మెడతో వాడంతా తిరిగింది. బర్రెలకు గడ్డి కోసేవాళ్లు గడ్డిని చేత్తో పీకుతున్నారు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు గంటెనో, చీపురు తీగనో రాయి మీద నూరుతున్నారు. కత్తులు ఉండొద్దని పటేలు బండి తోలితే, ఊరు ఊరంతా కత్తులు చేసే కార్ఖానా అయి కూర్చుంది. అంత తెలివి తక్కువ పని చేయడానికి కూడా పటేల్‌గిరి ఉండాలేమో!

అందులో సిగ్గులేని మాట ఏమిటంటే, ఆ పటేలే రోజూ పొద్దున మండువకు వచ్చి గుంజకు ఆనుకుని నిలబడేవాడు.

"ఏం మైసమ్మా, కల్లు లేదేంది?"

"నీ బండినడుగు పటేలా. అది తాగి ఉంటది."

"నోరు జాగ్రత్త."

"నోటికి అంచు లేదని వదిలిపెట్టినవ్. లేకుంటే అది కూడ బండ్ల పడుతుండె."

ఒక మధ్యాహ్నం మైసమ్మ, ఇక పటేలు కాళ్లో వేళ్లో పట్టుకుని కత్తి ఒక్కటి ఇప్పించుకుందామని, ఇష్టం లేకుండానే వాళ్లింటికి వెళ్లింది. పటేలు లేడు. ఊర్లో కూరగాయ కోసే కత్తి కూడా మిగల్లేదని అమీన్‌కు గొప్పగా చెప్పుకోవడానికి చేవెళ్ల పోయాడు. వంటింట్లో సుగుణమ్మ వంకాయలను రోట్లో వేసి రోకలితో బాదుతోంది. పక్కన ఉల్లిగడ్డలు చితికి ఉన్నాయి. ఆమె కళ్లలో నీళ్లు ఉల్లివో, బతుకువో చెప్పడం కష్టం.

"ఏం వంటనే దొరసానీ ఇది?" అంది మైసమ్మ.

"ఏమో. వండినంక పేరు పెడత" అంది సుగుణమ్మ. "రాత్రి ముక్కలు సన్నగ లెవ్వని గిన్నె తన్నిండు. కత్తిపీట తీస్కపోయింది ఎవరు? నేనా?"

మైసమ్మ వచ్చిన పని చెప్పింది. చెట్లు ఆగుతున్నాయని, రేపటికి గీత పడకపోతే తన పొయ్యి ఆరుతుందని. ఇంకొకరి వంటింట్లో ఇలా అడుక్కోవాల్సి వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. సుగుణమ్మ రోకలి పక్కన పెట్టి, ముందు గదిలో గోడ వైపు చూసింది. గడియారం టకటకమంటోంది.

"ఈ ఇంట్లకు వచ్చినప్పటి సంది గోడ మీద నాకో సవతి ఉన్నది మైసమ్మా. శుక్రవారం శుక్రవారం దానికి నేనే దీపం పట్టాలె. దాని కడుపుల ఉక్కు ఉంటదట. మా ఆయనే అంటడు, ఇంగ్లండు ఉక్కు అని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత పీట వేసుకుని గడియారాన్ని దించారు. వెనక చెక్క విప్పి లోపల వేలు పెట్టగానే చుట్టుకుని ఉన్న కమాను, అదే చావి ఇస్తే బిగిసే స్ప్రింగు, బుస్సున లేచి, సుగుణమ్మ చెవి పక్క నుంచి ఎగిరి అటక కింద పడింది. "అమ్మో, నిజంగ సవతే!" అని ఆమె గుండె పట్టుకుంది. ఆ గదిలో చాలా ఏళ్ల తర్వాత ఆడవాళ్ల నవ్వు వినిపించింది. ఖాళీ గడియారాన్ని మళ్లీ గోడకు తగిలిస్తే, పట్టు తప్పిన ముళ్లు రెండూ కిందికి వేలాడి ఆరున్నర దగ్గర ఆగాయి.

"నా పేరు బయట పెట్టకు" అంది సుగుణమ్మ.

"నా నోరు పెద్దదే గాని దానికి తలుపున్నది" అంది మైసమ్మ.

నీలం రంగు ఉక్కు పట్టా, వేలెడు వెడల్పు. పెట్టెపట్టీ నేర్పిన బుద్ధి ఉంది కనుక ఈసారి పొయ్యి జోలికి పోలేదు. జానెడు ముక్క విరిచింది. కమాను కనుక కొద్దిగా వంపు తిరిగే ఉంది, గీత కత్తికి ఆ వంపే కావాలి. కానీ మరీ పల్చన, చేత్తో పడితే ఊగుతోంది. ఇత్తడి గంటె కాడను రెండు మడతలు చేసి, ఆ మడతలో ఉక్కును ఇరికించి, ఇంట్లో ఉన్న పగిలిన లక్కగాజులు కరిగించి పోసి బిగించింది. పటేలు బండి కత్తిని తీసుకుపోయింది గానీ నూరుడు పలకను వదిలిపోయింది. పలక మీద తెల్లరాతి పొడి చల్లి, భిక్షం ముందు పెట్టి, "నూరు. గిది గూడ ఎవనికన్న ఇచ్చినవంటే నిన్నే నూరుత" అంది.

భిక్షం నూరాడు. బొటనవేలి గోరు మీద అంచు ఆనించి చూశాడు. మోకు భుజాన వేసుకుని చెట్టెక్కాడు. చెట్టు మొవ్వులోంచి తెల్లటి పొర ఒకటి గాలిలో తిరుగుతూ వచ్చి మైసమ్మ కాళ్ల దగ్గర పడింది. ఉల్లిపొరంత పల్చన. ఆమె దాన్ని తీసి చూసి, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, కళ్లకద్దుకుంది.

మర్నాడు పొద్దున సగం చెట్లు కారాయి. మిగతావి ఎండాయి. సగమన్నా దక్కాయి.

చేవెళ్ల నుంచి రాత్రి అలసి వచ్చి పడుకున్న పటేలు, పొద్దున లేచి గడియారం చూశాడు. ఆరున్నర. అమీన్ ఎనిమిదింటికి వచ్చి, కత్తి లేని ఊరు ఎలా ఉంటుందో చూస్తానన్నాడు. బోలెడు టైముంది. బయటికొస్తే ఎండ చురుక్కుమంది. "ఏం ఎండలో, పొద్దుగూడ తొందరపడవట్టె" అనుకుంటూ నడిచాడు. చూశారా, టకటక వినపడటం లేదన్న అనుమానం కూడా లేదు!

మండువ దగ్గర కల్లు వాసన తగలగానే పటేలు మొహం విచ్చుకుంది. కత్తి లేకుండా కల్లు ఎలా వచ్చిందని అడగాలి కదా. అడగలేదు. నోట్లో నీళ్లూరినవాడికి కానూన్లు గుర్తుండవు. తాటాకు దొప్ప పట్టి, "పొయ్యి పొయ్యి" అన్నాడు. మైసమ్మ పోసింది. ఆయన రెండో దొప్ప ఎత్తుతుండగా జీపు వచ్చి బాట మీద ఆగింది.

అమీన్ సాబు దిగాడు. వెనక ఇద్దరు జవాన్లు.

"మీ ఇంటికే పోయి వస్తున్న పటేల్. ఎనిమిది దాటి ఎంతసేపాయె! మీ గడియారం చచ్చి ఆరున్నర దగ్గర పడున్నది. చేతుల ఏంది అది?"

"మజ్జిగ సాబ్" అన్నాడు పటేలు.

"తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు. ఇది పాలు కూడ కాదు." అమీన్ దొప్ప వాసన చూసి, తలెత్తి చెట్ల వైపు చూశాడు. "నిన్న ఏం చెప్పినవ్? ఊర్ల ఒక్క కత్తి లేదన్నవ్. కత్తి లేని ఊర్ల కల్లు ఎక్కడిది?"

పటేలు చూపు అటూ ఇటూ పరుగెత్తి, అప్పుడే లొట్టితో చెట్టు దిగిన భిక్షం మీద ఆగింది.

"వీడే సాబ్! నేను అన్నీ పట్టిన. వీడు కత్తి దాచిండు. వీన్ని తీస్కపోండ్రి. లోపలెయ్యండ్రి!"

జవాన్లు కదిలారు. భిక్షం లొట్టి కింద పెట్టాడు. కల్లు ఒలకకుండా సరిచేసి పెట్టాడు. భిక్షమే అమీన్ ఎదుటికి నడిచి, రెండు చేతులూ చాపాడు. కత్తి ఇచ్చిన రోజు చాపినట్టే, అరచేతులు పైకి పెట్టి.

"నేనే గీసిన సారూ. నేనే చేసుకున్న. ఇంట్ల ఆడిదానికి ఏం తెల్వదు" అన్నాడు. బాంచెన్ అనలేదు.

మైసమ్మ ఆ అరచేతులను చూసింది. ఇన్ని రోజులూ తను వెక్కిరించింది ఈ చేతులనే. ఇప్పుడవి తనకు అడ్డంగా ఉన్నాయి. లోపలికి పోయి, తెల్లారకముందే గీసి చూరులో దాచిన కత్తి తీసుకొచ్చి అమీన్ చేతిలో పెట్టింది.

"గీసింది ఆయన. చేసింది నేను. ఉక్కు ఏడిదో నన్నడగకు సారూ, చెప్ప" అంది. ఆమె అంత తక్కువ మాట్లాడటం ఊరు ఎన్నడూ చూడలేదు.

అమీన్ కత్తిని తిప్పి చూశాడు. ఇత్తడి గంటె కాడ, లక్క, నీలం ఉక్కు. చివర కమానును బిగించే బెజ్జం అలాగే ఉంది. ఆయన మొహం మెల్లగా మారింది. పటేలు వైపు తిరిగాడు.

"మీ గడియారం ఎందుకు చచ్చిందో ఇప్పుడు తెలిసింది పటేల్. చెప్పు, దొంగతనమా? అట్లయితే ఇల్లిల్లూ కాపలా కాసిన పటేల్ ఇంట్లనే దొంగలు పడ్డరని రాసుకుంట. మీ ఇంటోళ్లే ఇచ్చిన్రా? అట్లయితే కత్తి మీ ఇంటిదే. ఏది రాయాలె?"

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ పరిస్థితి. అడకత్తెరేమో ఆయన జేబులోనే ఉంది. మండువలో మొదట ఎవరు నవ్వారో తెలియదు, తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"రోడ్డు మీదికి గొడ్డలి రావొద్దన్న. వంటింట్లకు నువ్వు పొమ్మని ఎవరన్నరు?" అని అమీన్ గద్దించాడు. "పొద్దుగూకే లోపల ఎవలయి వాళ్లకు ఇచ్చెయ్యి." కత్తిని భిక్షం చాచిన చేతుల్లోనే పెట్టి, జీపెక్కాడు.

సామాను తిరిగొచ్చింది. ఎలా వచ్చింది? తడి కొట్టంలో కుప్ప పోసి పెట్టారు కనుక కొడవళ్లు తుప్పుతో, కత్తిపీటలు పిడులు ఊడి. భిక్షం తండ్రి కత్తి అంచు గొడ్డలి కింద పడి విరిగింది. దాన్ని తీసుకుని అతను వనం వైపు వెళ్లి చాలాసేపు రాలేదు. ఆ ఏడు సగం చెట్లతోనే గడిచింది. సగం రోజులు గంజితో గడిచాయి. పటేలు కొత్త కమాను వేయించలేదు. పట్నానికి మోసుకుపోతే దారిలో ప్రతివాడూ టైమెంతని అడుగుతాడని భయం. సుగుణమ్మ మాత్రం ఆయన అన్నమడిగినప్పుడల్లా గోడ వైపు చూసి, "ఇంక ఆరున్నరే కదా" అనేదట.

మైసమ్మ నోరు మారిందనుకోకండి. చింత చచ్చినా పులుపు చావదు. భిక్షాన్ని ముసలితనం దాకా తిడుతూనే ఉంది, ఉప్పెక్కువ తిన్నా తిట్టేది, తుమ్మినా తిట్టేది. ఆ ఒక్క మాట మాత్రం మళ్లీ ఆమె నోట రాలేదు. ఒకసారి ఎవడో తాగినవాడు పాత సంగతి తీసి, "రెండు చేతులతోని కత్తి ఇచ్చినోడు కదా మన భిక్షమన్న" అని ఇకిలించాడు. మైసమ్మ వాడి చేతిలోని దొప్ప లాక్కుని నేలకు కొట్టింది.

"ఆ చేతులు నేను చూసిన. నువ్వు చూడలే. లేసి పో."